మంత్రం ఎక్కడ ఆగింది?

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే.

నా తప్పుతోనే మొదలుపెడతాను. కొన్నేళ్ల కిందట ఒక డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకి నేను డీఎమ్‌ని, అంటే ఆట నడిపేవాణ్ని. మంచు గుహ, అందులో వయసులో ఉన్న ఒక తెల్ల డ్రాగన్. పోరాటం మధ్యలో మా క్లెరిక్, అంటే పూజారి పాత్ర, స్పృహ తప్పి పడిపోయింది. డ్రాగన్‌కీ ఆమెకీ మధ్య 85 అడుగుల దూరం. డ్రాగన్ తన మంచు ఊపిరి అప్పుడే వదిలేసింది, అది మళ్లీ సిద్ధం కాలేదు. విజార్డ్, అంటే మాంత్రికుడి పాత్ర ఆడుతున్న కుర్రాడు "రే ఆఫ్ ఫ్రాస్ట్ వేస్తాను" అన్నాడు. అదొక చలి కిరణం మంత్రం. నేను పుస్తకం కూడా తెరవకుండా, "తెల్ల డ్రాగన్‌కి చలి ఇమ్యూనిటీ ఉంది కదా, ఏమీ కాదు" అనేశాను. ఇమ్యూనిటీ అంటే ఒక రకం దెబ్బ అసలు అంటకపోవడం. పాపం, అతను పాచిక కూడా వేయలేదు. ఇంకో మంత్రం వేశాడు, అది గురి తప్పింది. డ్రాగన్ తన వంతు రాగానే 80 అడుగులు ఎగిరి వచ్చి క్లెరిక్ పక్కన వాలింది. స్పృహ లేనివాళ్లని పక్కనుంచి కొడితే ప్రతి దెబ్బా క్రిటికల్, అంటే గట్టి దెబ్బే. ఒక్కో దెబ్బకి రెండు డెత్ సేవ్‌లు, అంటే చావు తప్పించుకునే అవకాశాలు, పోతాయి. రెండు దెబ్బలు తగిలాయి. అయిపోయింది.

ఆ రాత్రి ఎందుకో అనుమానం వచ్చి ఆ మంత్రం చదివాను. అందులో రెండు మాటలున్నాయి. కిరణం తగిలితే 1డి8 చలి డ్యామేజ్, అంటే ఎనిమిది ముఖాల పాచిక ఒకటి వేసి వచ్చినంత నష్టం. అదే తగిలితే, విజార్డ్ తర్వాతి వంతు మొదలయ్యేదాకా వేగం 10 అడుగులు తగ్గుతుంది. డ్రాగన్ ఇమ్యూనిటీ మొదటి మాటకే. రెండో మాటతో దానికి సంబంధం లేదు. 80కి బదులు 70 అడుగులే ఎగిరేది. ఇంకా 15 అడుగులు మిగిలేది. ఆ వయసు డ్రాగన్ నోరు 10 అడుగుల వరకే అందుతుంది.

(సభలో "అయ్యో" అన్న మాటలు)

అవును, అయ్యోనే. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ 10 అడుగుల గురించే.

ఈ ఆట తెలియనివాళ్లు ఒకరిద్దరు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు, కాబట్టి క్లుప్తంగా. బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ఆడతారు. ఒకరు డీఎమ్‌గా లోకాన్ని నడుపుతారు. అనుమానం వచ్చిన చోట పాచికలు తేలుస్తాయి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తయారుచేసిన మొదటి పెట్టె 1974లో వచ్చింది. నేను చెప్పే ఉదాహరణలు చాలావరకు 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌వి. 2024లో దాన్ని సవరించారు. తేడా ఉన్నచోట చెబుతాను.

ఇమ్యూనిటీ అనగానే మనకి ఒక బొమ్మ మనసులో పడుతుంది. ఆ ప్రాణి చుట్టూ ఒక కవచం, మంత్రం వచ్చి దానికి కొట్టుకుని జారి కింద పడటం. ఈ బొమ్మే మనల్ని ముంచుతుంది. రూల్ పుస్తకంలో కవచం లేదు, వాక్యం ఉంది. మంత్రం కూడా వాక్యమే. రెండు వాక్యాలు ఎక్కడ తగులుకుంటాయో చూడటమే మన పని. బడిలో తెలుగు మాస్టారు నేర్పిన కర్త, కర్మ, క్రియ చాలు దీనికి. నేను నిజంగానే అంటున్నాను, నవ్వకండి. మంత్రం వాక్యంలో కర్మ ఎవరు? ఎవరికి జరుగుతోంది? "తే" అన్న అక్షరం ఎక్కడుంది? తగిలితే, ఓడితే, దెబ్బ తింటే. ఈ రెండూ పట్టుకుంటే ముప్పావు వంతు వాదనలు అక్కడే తేలిపోతాయి.

"తే" సంగతి ముందు చూద్దాం. రే ఆఫ్ ఫ్రాస్ట్‌లో వేగం తగ్గడానికి షరతు "తగిలితే". అందుకే చలి డ్యామేజ్ సున్నా అయినా వేగం తగ్గుతుంది. దీని పక్కన వాంపిరిక్ టచ్ అనే మంత్రం పెట్టండి. తగిలితే 3డి6 నెక్రోటిక్, అంటే ప్రాణం పీల్చే రకం డ్యామేజ్, జరిగిన డ్యామేజ్‌లో సగం మంత్రం వేసినవాడికి ప్రాణంగా వస్తుంది. ఇక్కడ రెండో భాగం వేలాడుతున్నది తగలడం మీద కాదు, జరిగిన డ్యామేజ్ మీద. ఎదుటివాడికి నెక్రోటిక్ ఇమ్యూనిటీ ఉంటే డ్యామేజ్ సున్నా, సున్నాలో సగం సున్నా. మంత్రం తగిలినా మనకి దక్కేదేమీ లేదు. రెండు మంత్రాలూ పైకి ఒకేలా ఉంటాయి, పాచిక వేసి కొట్టేవే. కానీ ఒకదానిలో ఇమ్యూనిటీ మొదటి అంతస్తు కూలిస్తే రెండోది నిలబడే ఉంటుంది, ఇంకోదానిలో రెండూ కలిసి కూలతాయి. థండర్‌వేవ్ అనే ఉరుము మంత్రం కూడా మొదటి రకమే. ఉరుము డ్యామేజ్ అంటకపోయినా, సేవింగ్ త్రో, పొట్టిగా సేవ్, అంటే తప్పించుకోవడానికి వేసే పాచిక, ఓడితే ఆ ప్రాణి 10 అడుగులు వెనక్కి వెళ్లాల్సిందే.

డ్యామేజ్ సున్నా అయితే ఇంకొకటి కూడా ఆగిపోతుంది, ఇది చాలామంది మర్చిపోతారు. కాన్సంట్రేషన్, అంటే వేసిన మంత్రాన్ని నిలబెట్టుకునే ధ్యాస, తప్పే పరీక్ష డ్యామేజ్ తగిలినప్పుడే. అగ్ని అంటని మాంత్రికుడి మీద ఫైర్‌బాల్ వేసి "కాన్సంట్రేషన్ రోల్ చెయ్యి" అనకూడదు.

ఇక జాబితాల సంగతి. 2014 ఎడిషన్‌లో ఆటలోని జీవుల వివరాల్లో రెండు వేర్వేరు వరుసలుంటాయి. ఒకటి డ్యామేజ్ ఇమ్యూనిటీ, రెండోది కండిషన్, అంటే స్థితి, ఇమ్యూనిటీ. జాంబీకి పాయిజన్ అన్నది రెండు వరుసల్లోనూ ఉంటుంది. అంటే విషం డ్యామేజ్ పనిచేయదు, విషం ఎక్కిన స్థితి కూడా రాదు. రెండూ ఉండటం చూసి చూసి మనకి అవి ఒకటే అన్న అలవాటు పడింది. ఒకటి కాదు. ఒకే వరుసలో ఉంటే ఆ ఒక్కటే. పట్టీలో లేనిది లేనట్టే. రావణుడు వరం అడిగినప్పుడు నరుల్నీ వానరుల్నీ లెక్కలో పెట్టలేదు. ఎంత పెద్ద జాబితా అయినా దాని బలం అందులో రాసిన పేర్ల వరకే.

ఎల్ఫ్‌లనే జాతి విషయం నాకు చాలా ఇష్టం. ఎల్ఫ్‌కి ఉన్న గుణం ఏమిటి? చార్మ్, అంటే వశీకరణ, కాకుండా ఉండటానికి వేసే సేవింగ్ త్రోలకి అడ్వాంటేజ్, అంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకునే వీలు, ఉంటుంది, మ్యాజిక్ అతన్ని నిద్రపుచ్చలేదు. ఇప్పుడు ఒక డ్రౌ, అంటే చీకటి ఎల్ఫ్, వచ్చి విషం పూసిన బాణం వేసింది. ఆ విషానికి సేవ్ ఓడితే విషం ఎక్కుతుంది, 5 లేక అంతకంటే ఎక్కువ తేడాతో ఓడితే స్పృహే పోతుంది. మా బల్ల దగ్గర ఎల్ఫ్ ఆడే అమ్మాయి వెంటనే "నేను పడిపోను, నేను ఎల్ఫ్‌ని" అంది. నాకూ ఒక్క క్షణం నిజమే కదా అనిపించింది. కానీ వాక్యం చూడండి. కర్త మ్యాజిక్. ఆ బాణం మీదున్నది మందు, మ్యాజిక్ కాదు. ఎల్ఫ్ పడిపోతుంది. ఆ అమ్మాయి చాలాసేపు నాతో మాట్లాడలేదు, అది వేరే కథ.

అదే స్లీప్ మంత్రం అయితే ఎల్ఫ్‌కి అంటదు. 2014 పాఠంలో స్లీప్‌కి సేవింగ్ త్రోనే లేదు. 5డి8 వేసి, వచ్చిన మొత్తం అయిపోయేదాకా తక్కువ హిట్ పాయింట్లు, అంటే ప్రాణం లెక్క, ఉన్నవాళ్ల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినీ నిద్రపుచ్చుకుంటూ పోవడమే. అన్‌డెడ్‌కీ, అంటే చచ్చి తిరిగే జీవాలకీ, చార్మ్ ఇమ్యూనిటీ ఉన్నవాటికీ అంటదు. నడిచే ఇనుప కవచాలకి నిద్ర రాకపోవడానికి కారణం అవి ఇనుము కావడం కాదు, వాటికి చార్మ్ ఇమ్యూనిటీ ఉండటం! ఇది నాకు ఎప్పుడూ వింతగానే ఉండేది. 2024లో దీన్ని మొత్తం మార్చారు. ఇప్పుడు విజ్డమ్, అంటే వివేకం, సేవ్ ఉంది. అసలు నిద్రపోని ప్రాణులు, అలసట ఇమ్యూనిటీ ఉన్న ప్రాణులు ఆ సేవ్ వాటంతట అవే గెలిచేస్తాయి. మనసు కరగనివాడికి నిద్ర రాదు అనే కంటే, అలసట లేనివాడికి నిద్ర రాదు అనడం సబబుగా ఉంది. కాబట్టి పాత ఎడిషన్ పట్టీ, కొత్త ఎడిషన్ మంత్రం కలిపి వాడేవాళ్లు ఈ కొక్కెం ఎక్కడ తగిలించి ఉందో ఒకసారి చూసుకోండి.

ఇక అసలు విందు. రాక్షస.

(నవ్వులు)

పేరు మనదే. కానీ ఆటలో పులి తల పెట్టారు, అరచేతులు వెనక్కి తిప్పారు. 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్ అనే జీవుల పుస్తకంలోనే ఉంది. అప్పట్లో ఏడో స్థాయి వరకు ఏ మంత్రమూ దాన్ని తాకదు, కానీ దీవించిన క్రాస్‌బో బాణం ఒక్కటి తగిలితే చచ్చిపోతుంది. 2014కి వచ్చేసరికి ఆరో స్థాయి, అంతకంటే తక్కువ మంత్రాలు దాని మీద ప్రభావం చూపలేవు, దాన్ని పసిగట్టలేవు, అది ఒప్పుకుంటే తప్ప. మామూలు ఆయుధాల దాడులూ పనిచేయవు. కాకపోతే ఒక మంచి మనిషి చేతిలో మ్యాజిక్ ఆయుధం ఉండి, అది గుచ్చేదయితే, దెబ్బ రెట్టింపు. పాత క్రాస్‌బో బాణం జ్ఞాపకం అక్కడ మిగిలిందని నేను అనుకుంటాను.

"ప్రభావం చూపలేవు" అన్న క్రియ చాలా వెడల్పయినది. డ్యామేజ్ అనలేదు, కండిషన్ అనలేదు. మూడో స్థాయి ఫైర్‌బాల్ వేస్తే రాక్షస పట్టు పంచె అంచు కూడా కాలదు. సేవింగ్ త్రో వేయనక్కర్లేదు. అదే ఫైర్‌బాల్‌ని ఏడో స్థాయి స్లాట్‌తో, అంటే మంత్రం వేయడానికి ఖర్చుపెట్టే శక్తితో, వేస్తే? మంత్రం ఏ స్లాట్‌తో వేస్తే ఆ స్థాయి మంత్రమే అవుతుంది. 12డి6, రాక్షస అడ్వాంటేజ్‌తో సేవ్ వేసుకోవాలి. ఇంతవరకు గొడవ లేదు.

గొడవ కర్మ మారినప్పుడు మొదలవుతుంది. నా స్నేహితురాలికి నేను ఇన్విజిబిలిటీ, అంటే కనిపించకుండా చేసే మంత్రం, వేశాను, అది రెండో స్థాయి. రాక్షసకి ఆమె కనిపిస్తుందా? కొందరు డీఎమ్‌లు "ఆ మంత్రం రాక్షస మీద పనిచేయదు, కాబట్టి చూడగలదు" అంటారు. కానీ మంత్రం కర్మ రాక్షస కాదు, ఆమె. జరిగిందంతా ఆమెకి జరిగింది. రాక్షసకి ఆమె కనిపించదు. ఇలాగే మా ఫైటర్ బరిసె మీద మ్యాజిక్ వెపన్ వేశామనుకోండి. రెండో స్థాయి మంత్రమే. దాని కర్మ బరిసె. బరిసె మ్యాజిక్ ఆయుధమయింది. మా ఫైటర్ మంచివాడు, బరిసె గుచ్చుతుంది. ఏడో స్థాయి స్లాట్ ఖర్చు పెట్టి చేయాల్సిన పని రెండో స్థాయి మంత్రం రెట్టింపు దెబ్బతో చేసేసింది! నా బల్ల దగ్గర ఇది చెల్లుతుంది. మంత్రం బరిసెకి, బరిసె రాక్షసకి. మంత్రానికీ రాక్షసకీ నేరుగా ముట్టుకోవడం లేదు.

మరి వెబ్? గదంతా సాలెగూడు. అది మంత్రం ఉన్నంతసేపే ఉండే గూడు, మంత్రమే దారాలుగా మారింది. అందులో చిక్కుకున్నవాడిని పట్టుకున్నది మంత్రమే. రాక్షస దాంట్లోంచి నడుచుకుంటూ వచ్చేస్తుందని నేనంటాను. బద్దలుకొట్టే మంత్రం షాటర్ వేసి పైకప్పు కూల్చితే? మంత్రం కర్మ పైకప్పు. కూలిన రాయి ఉత్త రాయి. రాళ్లు దాని తల మీద పడతాయి. అది దాడి కూడా కాదు, కాబట్టి "మామూలు దాడులకి ఇమ్యూన్" అన్న వాక్యం కూడా దాన్ని కాపాడదు. ఎంత డ్యామేజ్ అన్నది మాత్రం డీఎమ్ సొంతంగా తేల్చుకోవాలి.

వెబ్‌కీ రాళ్లకీ మధ్య ఎక్కడో ఒక గీత ఉంది. దాన్ని ఎక్కడ గీస్తామన్నది బల్లని బట్టి మారొచ్చు. నా గీత ఇది: మంత్రం ఇప్పుడే తీసేస్తే ఆ వస్తువు మాయమవుతుందా? మాయమయ్యేదయితే అది మంత్రం, మిగిలిపోయేదయితే అది వస్తువు. బరిసెలో మాయమయ్యేది మెరుపు ఒక్కటే, బరిసె కాదు. అందుకే దాన్ని వస్తువు పక్కనే పెట్టాను. ఎవరైనా దీన్ని కాదంటే నాకేం పేచీ లేదు, కానీ ఏదో ఒక గీత ముందే గీసుకోండి. పోరాటం మధ్యలో గీసిన గీత వంకరగా వస్తుంది.

2025 మాన్‌స్టర్ మాన్యువల్‌లో రాక్షస గుణం మారింది. ఇప్పుడు మంత్రాల మీద సేవింగ్ త్రోలన్నీ దానంతట అదే గెలుస్తుంది, మంత్రాల దాడి రోల్స్ అన్నీ తప్పిపోతాయి. స్థాయిల లెక్క లేదు. పైకి చూస్తే ఇంకా బలంగా ఉంది. ఇప్పుడు ఫైర్‌బాల్ వేయండి. సేవ్ గెలిచింది, బాగుంది. ఫైర్‌బాల్‌లో సేవ్ గెలిచినవాడికి ఏమవుతుంది? సగం డ్యామేజ్! పాత రాక్షసకి పంచె అంచు కాలలేదు, కొత్తదానికి మీసాలు కాలతాయి. రక్షణ నిలబడిన మెట్టు మారింది, అంతే. మొదట అది గుమ్మం దగ్గర నిలబడింది, ఇప్పుడు సేవింగ్ త్రో దగ్గర నిలబడింది.

ఇదేదో కొత్త తలనొప్పి అనుకోకండి. 2003లో వచ్చిన మూడున్నర ఎడిషన్‌లో గోలెమ్‌లకి, అంటే మ్యాజిక్‌తో కదిలే బొమ్మలకి, మ్యాజిక్ ఇమ్యూనిటీ ఉండేది. పేరు వింటే అంతా అయిపోయిందనిపిస్తుంది. కానీ వాక్యం ఏమిటంటే, స్పెల్ రెసిస్టెన్స్, అంటే మంత్రాన్ని అడ్డుకునే గుణం, వర్తించే మంత్రాలకే ఇమ్యూన్. గ్రీజ్ మంత్రానికి స్పెల్ రెసిస్టెన్స్ వర్తించదు. అంత పెద్ద ఇనుప గోలెమ్ నూనె మీద జారి బోర్లా పడొచ్చు. నాకా దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

"మ్యాజిక్" అన్న మాట దగ్గరే ఇంకో చిక్కుంది. డ్రాగన్ ఊపిరి మ్యాజిక్కా కాదా? నిప్పులు కక్కే ఎగిరే బల్లి, మ్యాజిక్ కాక మరేమిటి అంటారు. ఆట తయారుచేసినవాళ్లు సేజ్ అడ్వైస్ అనే తమ జవాబుల సంకలనంలో దీనికి ఐదు ప్రశ్నలిచ్చారు. అది మ్యాజిక్ వస్తువా? అది స్పెల్లా, లేదా దాని వివరణలో చెప్పిన స్పెల్ ఫలితాన్ని తెప్పిస్తుందా? స్పెల్ అటాకా? స్పెల్ స్లాట్లతో నడుస్తుందా? వివరణలో మ్యాజిక్ అన్న మాట ఉందా? ఒక్కదానికీ అవునన్న జవాబు రాకపోతే రూల్స్ లెక్కలో అది మ్యాజిక్ కాదు. ఊపిరికి అన్నిటికీ కాదనే. కాబట్టి మ్యాజిక్‌ని ఆపేసే యాంటీమ్యాజిక్ ఫీల్డ్‌లో నిలబడినా ఊపిరి వచ్చి కాలుస్తుంది. ఆ లోకం అణువణువునా మ్యాజిక్ ఉండొచ్చు, కానీ రూల్స్ అడిగేది ఆ మ్యాజిక్ గురించి కాదు.

ఇంతసేపూ వాక్యం, వాక్యం అన్నాను కదా. ఇప్పుడు నన్ను నేనే కాస్త కొట్టుకోవాలి. వాల్ ఆఫ్ ఫోర్స్ అనే మంత్రం కనిపించని గోడ కడుతుంది. దానికి ఏ డ్యామేజ్ అంటదు, మంత్రాల్ని తీసేసే డిస్పెల్ మ్యాజిక్ పనిచేయదు, ధూళి చేసేసే డిసింటిగ్రేట్ మంత్రం మాత్రం దాన్ని పడగొడుతుంది. డిసింటిగ్రేట్ చదవండి, 2014 పాఠం. "మీకు కనిపించే" లక్ష్యం మీదే వేయాలి. ఆ గోడ కనిపించదు! అక్షరాలా చదివితే, ఆ గోడని పడగొట్టడానికే ఉదాహరణగా పేరు రాసి ఉన్న మంత్రం ఆ గోడ మీద వేయకూడదు. ఇక్కడ "రూల్ అంటే రూలే" అనేవాడితో నేను ఆడను. రెండు చోట్లా ఆ మంత్రం పేరు పెట్టి మరీ రాశారంటే ఉద్దేశం స్పష్టంగా ఉంది. గోడ ఎక్కడుందో తెలిస్తే చాలు, వెయ్యండి. వాక్యాన్ని పట్టుకోమన్నది రాసినవాడి మనసు తెలుసుకోవడానికే గానీ, వాడిని బోనులో నిలబెట్టడానికి కాదు.

ఇంకొక్క విషయం, ప్రశ్నలకి ముందు. ఇమ్యూనిటీ పనిచేసినప్పుడు ప్లేయర్‌కి ఏం చెప్పాలి? కదలకుండా పట్టేసే హోల్డ్ పర్సన్ మంత్రం హ్యూమనాయిడ్‌ల, అంటే మనిషి లాంటి జీవుల, మీదే పనిచేస్తుంది. ఎదురుగా ఉన్న జమీందారు గారు నిజానికి వాంపైర్, అంటే అన్‌డెడ్. ప్లేయర్‌కి తెలియదు. మంత్రం వేశాడు. "ఇతని మీద వేయకూడదు, వేరేది ఎంచుకో" అంటే గుట్టు రట్టయింది. 2017లో వచ్చిన జనాథార్స్ గైడ్ అనే పుస్తకంలో దీనికి దారి చూపించారు. స్లాట్ ఖర్చవుతుంది, ఏమీ జరగదు. సేవ్ గెలిస్తే ఏమీ కాని మంత్రమయితే, ఎదుటివాడు సేవ్ గెలిచినట్టే కనిపిస్తుంది. నేను తెర వెనక పాచిక ఒకటి ఉత్తుత్తిగా దొర్లిస్తాను. ఆ చప్పుడు చాలు.

సరే, ప్రశ్నలు. మేడమ్, మీరు.

(సభలో ఒకరు: ఇలా ప్రతి మంత్రానికీ కర్మ, క్రియ వెతుక్కుంటూ కూర్చుంటే ఆట ఆగిపోదా అండి?)

ఆగిపోతుంది. అందుకే నేను ఒక నిమిషం కంటే ఎక్కువ తీసుకోను. ఆ నిమిషంలో తేలకపోతే ప్లేయర్ వైపే తీర్పు ఇచ్చి, పక్కన కాగితం మీద రాసుకుంటాను. ఆట అయ్యాక చూసి, తప్పయితే వచ్చే వారం నుంచి ఇలా అని చెబుతాను. ఎందుకు ప్లేయర్ వైపు అంటే, డీఎమ్‌కి ఇంకో పది రాక్షసులు ఉంటారు, ప్లేయర్‌కి ఉన్నది ఒక్క పాత్ర.

బాబు, నువ్వు చెప్పు.

(సభలో ఒకరు: సార్, వేర్‌వుల్ఫ్‌ని, అదే తోడేలుగా మారే మనిషిని, కొండ మీంచి తోసేస్తే? వెండి ఆయుధం లేదు, మ్యాజిక్ లేదు.)

2014 పాఠంలో ఆ ఇమ్యూనిటీ "మామూలు దాడుల" నుంచి. కొండ దాడి చేయదు కదా. 10 అడుగులకి 1డి6 చొప్పున, 20డి6 వరకు, మొత్తం తగులుతుంది. తోయడానికి నువ్వు దగ్గరికి వెళ్లాలి, అది మాత్రం చూసుకో. కొత్త మాన్యువల్‌లో అయితే ఆ ఇమ్యూనిటీయే తీసేశారు, ఉత్త కత్తి కూడా దిగుతుంది.

ఇంకొక్కటి. వెనక నుంచి.

(సభలో ఒకరు: మరి ఆ క్లెరిక్ సంగతేం చేశారు? బతికించారా?)

లేదండి. తర్వాతి వారం అందరి ముందూ నా తప్పు ఒప్పుకుని, ఆ వంతు వెనక్కి తిప్పి మళ్లీ ఆడదామా అని అడిగాను. క్లెరిక్ ఆడే ఆవిడే వద్దంది. అప్పటికే కొత్త పాత్ర రాసేసుకుందట, ఒక బార్డ్, అంటే పాటలు పాడే పాత్ర. విజార్డ్ కుర్రాడు మాత్రం మారిపోయాడు. ఇప్పుడు ఏ మంత్రం వేసినా మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా నా మొహం వైపు చూస్తూ చదువుతాడు. మేజిక్ మిస్సైల్ లాంటి తేలిక మంత్రం అయినా సరే.